ఆ ఫారంలో నిద్రకు గడి లేదు

(రహదారి భద్రతా మాసం సందర్భంగా విజయవాడ ఆటోనగర్‌లో లారీ యజమానులు, డ్రైవర్లు, వాళ్ల కుటుంబాలు హాజరైన సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఆటోనగర్ నాకు పరాయి చోటు కాదు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇక్కడి బాడీ బిల్డింగ్ షెడ్లలో గంటలకొద్దీ నిలబడి లారీ అంటే ఏమిటో నేర్చుకున్నాను. మీలో పెద్దవాళ్లు మమ్మల్ని ఇప్పటికీ బ్రేకు ఇన్‌స్పెక్టరనే అంటారు. ఆ పేరంటే నాకిష్టం. ప్రమాదం ఎక్కడ జరిగినా మేం ముందు చూసేది బ్రేకే కదా.

హెల్మెట్ గురించి, సీటు బెల్టు గురించి చెప్పమని సంఘంవాళ్లు అడిగారు. చెప్పాల్సినవే. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. అందులో హెల్మెట్ లేనివాళ్లు 50,029 మంది, బెల్టు పెట్టుకోనివాళ్లు 16,715 మంది అని కేంద్ర రవాణా శాఖ నివేదికలోనే ఉంది. అయితే ఆ మాటలు చెప్పేవాళ్లు ఈ నెలంతా ఊరూరా ఉంటారు. ఈ ఆటోనగర్‌లో, లారీలు నడిపేవాళ్ల ముందు, నడిపించేవాళ్ల ముందు నేను మాట్లాడాల్సింది నిద్ర గురించి.

ఒక లారీ సంగతితో మొదలుపెడతాను. చాలా ఏళ్ల కిందటి మాట. తెల్లవారుజామున స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. హైవే పక్కన ఆగి ఉన్న లారీని చేపల లారీ వెనకనుంచి గుద్దింది. నేను వెళ్లేసరికి తూర్పున వెలుగు వస్తోంది. థర్మాకోల్ పెట్టెలు పగిలి, రోడ్డంతా ఐసు ముక్కలు, వాటి మధ్య చేపలు. అలవాటు ప్రకారం ఆ లారీ వచ్చిన దారినే వెనక్కి నడిచాను, టైరు గీతల కోసం. డ్రైవరు బ్రేకు గట్టిగా తొక్కి ఉంటే టైర్లు రోడ్డును రాసుకుని నల్లటి గీతలు పడతాయి. రెండు వందల అడుగులు వేశాను. టార్చిలైటు వేసి వంగి చూశాను. ఒక్క గీత లేదు. స్టీరింగు పక్కకు కోసిన గుర్తు కూడా లేదు. వచ్చినవాడు వచ్చినట్టే తిన్నగా వెళ్లి గుద్దాడు.

బండి దగ్గరికొచ్చి చూస్తే గేరు టాప్‌లోనే ఉంది. బ్రేకు లైనింగులు బాగున్నాయి, టైర్లు దాదాపు కొత్తవి. నుజ్జయిన కేబిన్‌లో ఎక్కడో ఫోను మోగుతూనే ఉంది. కానిస్టేబులు వెతికి తీశాడు. తొమ్మిది మిస్డ్ కాల్స్. బండి ఎందాకా వచ్చిందో కనుక్కునే ఫోన్లు.

ఆగి ఉన్న లారీ డ్రైవరు ఎందుకు ఆపాడో తెలుసా? నిద్రొచ్చి ఆపాడు. అతను కేబిన్‌లో పడుకున్నాడు, క్లీనరు కుర్రాడు ఉక్కపోతకు తట్టుకోలేక లారీ కింద చాప వేసుకున్నాడు. ఆ కుర్రాడు పోయాడు. నిద్రొచ్చి ఆగిన బండిని, నిద్రొచ్చినా ఆగని బండి గుద్దింది.

రెండు రోజుల తర్వాత ఆసుపత్రిలో చేపల లారీ డ్రైవరుతో మాట్లాడాను. రెండు కాళ్లూ విరిగి మంచం మీద ఉన్నాడు. "నేను నిద్రపోలేదు సార్. మా పిల్లల మీద ఒట్టు. రోడ్డు ఖాళీగా ఉంది, ఉన్నట్టుండి లారీ ఎదురుగా ప్రత్యక్షమైంది" అన్నాడు. అప్పట్లో అబద్ధం చెబుతున్నాడనుకున్నాను. తప్పు నాదని తర్వాత తెలిసింది. అతను తనకు తెలిసిన నిజమే చెప్పాడు. నాలుగైదు సెకన్ల నిద్ర ఎలా వస్తుందంటే, వచ్చి వెళ్లిన సంగతి మనిషికి తెలియదు. రెప్పలు ఒక్కోసారి పూర్తిగా పడను కూడా పడవు. కళ్లు తెరిచే ఉంటాయి, చూసే మెదడు మాత్రం అక్కడ ఉండదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లంటే దాదాపు 90 మీటర్లు. పన్నెండు చక్రాల లారీలు ఏడు వరసగా నిలబెట్టినంత దూరం బండి ఎవరూ నడపకుండానే పోతుంది. తర్వాత మెలకువ వచ్చిన మనిషికి ఆ ఏడు లారీల దూరం లెక్కలో ఉండదు. అందుకే లారీ "ప్రత్యక్షమవుతుంది". ఆ మాట ఎంతమంది నోట విన్నానో చెప్పలేను.

ఆ రోజు నా రిపోర్టు చివర అలవాటైన వాక్యమే రాశాను: ఈ ప్రమాదం వాహనంలోని యాంత్రిక లోపం వల్ల జరిగినది కాదు. సంతకం పెట్టి పంపాను. ఆ ఫారంలో బ్రేకుకు గడి ఉంది, టైరుకు ఉంది, హారనుకు కూడా ఉంది. ఆ డ్రైవరు ఎన్ని గంటలుగా మేలుకుని ఉన్నాడో రాయడానికి గడి లేదు. కేంద్ర రవాణా శాఖ ఏటా అచ్చు వేసే పట్టికల్లోనూ అంతే. అతివేగం, రాంగ్ సైడు, మద్యం, సెల్‌ఫోను, సిగ్నల్ దాటడం... వీటికి వరసలున్నాయి. నిద్రకు వరస లేదు. 2022 మరణాల్లో నూటికి 71 అతివేగం కింద రాశారు. అందులో బ్రేకు గీత లేనివి ఎన్ని అని నేను అడుగుతాను. నిద్రపోతున్నవాడు కాలు తీయడు కదా, బండి వేగంగానే పోయి గుద్దుతుంది. రాసేవాడు అతివేగమని రాస్తాడు. నేనూ రాశాను.

ఇక నిద్రంటే ఏమిటో నాకు అర్థమైనంతలో చెబుతాను. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు మనవాళ్లు. పరుపు ఉందా, స్టీరింగు ఉందా అని అది చూడదు. మన మెదడులో అడినోసిన్ అనే పదార్థం ఉంది. మేలుకుని ఉన్నంతసేపూ పేరుకుంటూ పోతుంది, పడుకుంటే కరుగుతుంది. ఇది బాకీ లాంటిది. దీనికి తోడు ఒంట్లో ఒక గడియారం ఉంది. అది రోజుకు రెండుసార్లు మనిషిని కిందికి లాగుతుంది. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు వరకు గట్టిగా, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు కాస్త తక్కువగా. ఎంత అనుభవమున్నా ఆ గడియారం మారదు. ముప్ఫై ఏళ్లుగా రాత్రిళ్లు నడుపుతున్న డ్రైవరుకూ ఆ వేళకు ఒళ్లు చల్లబడుతుంది.

మన ఆడవాళ్లు పాడుకునే రామాయణపు పాటల్లో లక్ష్మణుడు అడవిలో పద్నాలుగేళ్లు నిద్రపోకుండా అన్నావదినల్ని కాచాడు. ఆ నిద్రంతా ఊర్మిళ ఇక్కడ తన మీద వేసుకుని పడుకుంది. అయినా తిరిగొచ్చాక, నిండు కొలువులో నిద్రాదేవి వచ్చి ఎదుట నిలబడింది. లక్ష్మణుణ్నే వదల్లేదు. మన డ్రైవరు నిద్రను పంచుకోవడానికి ఏ ఊర్మిళా లేదు. అతని బాకీ అతనే తీర్చాలి, అదీ పడుకునే తీర్చాలి.

గడియారం మాట వచ్చింది కాబట్టి మీ అందరికీ తెలిసిన మూడు ప్రమాదాలు గుర్తుచేస్తాను. 2012 నవంబరు 2న శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర మాజీ కేంద్రమంత్రి ఎర్రన్నాయుడు గారి కారు ట్యాంకరును ఢీకొన్నది రాత్రి రెండు గంటల వేళ. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న బస్సు కల్వర్టును గుద్ది, మంటలు అంటుకుని 45 మంది కాలిపోయింది తెల్లవారుజామున ఐదు గంటల వేళ. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో, రోడ్డు మీద పడి ఉన్న మోటారు సైకిల్ మీదికి బస్సు వెళ్లి 19 మంది ప్రయాణికులు సజీవదహనమైంది మూడు గంటల వేళ. వీటికి నిద్రే కారణమని నేను అనడం లేదు. ఒక్కోదానికి విచారణ ఉంది, వేరే కారణాలున్నాయి. ఆ వేళల్ని చూడమంటున్నాను. పగటిపూట ఆ రోడ్ల మీద బళ్లు ఎన్ని రెట్లుంటాయి! అయినా మనకు గుర్తుండిపోయిన ఘోరాలు ఆ నాలుగు గంటల్లోనే పడ్డాయి. ఆ వేళకు చూసే కన్ను, లెక్క వేసే బుద్ధి, తొక్కే కాలు అన్నీ మందగిస్తాయి. పగలైతే తప్పించుకోగలిగిన అడ్డంకిని రాత్రి మూడింటికి తప్పించుకోలేం.

ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే పరిశోధకులు 1997లో ఒక లెక్క తేల్చారు. పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చేతికీ కంటికీ పొత్తు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్న మనిషిలా తప్పుతుంది. ఇరవై నాలుగు గంటలైతే 100 మిల్లీగ్రాములతో సమానం. మన చట్టంలో హద్దు ఎంత? 30 మిల్లీగ్రాములు. అది దాటితే మొదటిసారికే పదివేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మొన్న సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన మన పిల్లల్ని తలుచుకోండి. పొద్దున ఏడింటికి లేచాడు, ఆఫీసు చేశాడు, సామాను సర్దుకుని బయల్దేరాడు, పంతంగి టోల్‌గేటు దగ్గర వరసలో నిలబడ్డాడు. అర్ధరాత్రికి అతనికి పదిహేడు గంటలు నిండాయి. చుక్క మందు ముట్టని కుర్రాడు, పక్కన భార్య, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలు. గొట్టంలో ఊదమంటే సున్నా చూపిస్తుంది. పెళ్లి పనులు చేసి చేసి, అప్పగింతలు కాగానే రాత్రికి రాత్రే కారెక్కే తమ్ముళ్ల సంగతీ ఇదే. పెళ్లివారింట్లో ఒక పూట పడుకోనిస్తే ఏమీ పోదు. నన్నడిగితే పెళ్లి పెద్దలు భోజనాలకు ఎన్ని విస్తళ్లో చూసుకున్నట్టే, కారు నడిపేవాళ్లకు ఎన్ని పరుపులో కూడా చూసుకోవాలి.

మరి నిద్రొస్తే ఏం చేస్తారని డ్రైవర్లను అడిగితే రకరకాలు చెబుతారు. అద్దం దింపుతాం, పాటలు పెడతాం, ఖైనీ వేస్తాం, పచ్చిమిరపకాయ కొరుకుతాం, తల మీద నీళ్లు పోసుకుంటాం. పోలీసులు కూడా రాత్రిపూట హైవే మీద బళ్లాపి ముఖం కడిగిస్తున్నారు. ఫేస్ వాష్ అండ్ గో అని పేరు పెట్టారు. చలిలో నిలబడి ఆ పని చేసే కానిస్టేబుళ్లకు నేను దండం పెడతాను. ఆ రెండు నిమిషాలు ఆగడం వల్లే ఎన్నో ప్రాణాలు నిలిచి ఉంటాయి. కానీ ఆ పేరులో చివరి మాట నాకు నచ్చదు. ముఖం కడుక్కున్నవాణ్ని పొమ్మనకూడదు. అక్కడే ఒక ఎత్తైన అరుగు, ఒక ఫ్యాను పెట్టి పడుకోమనాలి. ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో హార్న్, రేనర్ అనే ఇద్దరు ఇవన్నీ పరీక్షించి చూశారు. ముఖానికి చల్లగాలి, రేడియో ఇచ్చే ఊరట కొద్ది నిమిషాలదే. ఆ తర్వాత నిద్ర మళ్లీ కమ్ముతుంది.

వాళ్లు పనికొస్తుందని తేల్చినది మన డాబాల దగ్గర ఈ రాత్రే చేయగలిగినంత తేలిక. ముందు గట్టి కాఫీ గానీ రెండు టీలు గానీ తాగాలి. తాగిన వెంటనే, కబుర్లలో పడకుండా, కేబిన్‌లో వాలి కోడికునుకు తీయాలి. పదిహేను నిమిషాలు, మహా అయితే ఇరవై. ఫోనులో అలారం పెట్టుకోండి. కాఫీలోని కెఫీన్ పని మొదలుపెట్టడానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. మీరు లేచేసరికి అదీ అందుకుంటుంది. లేవగానే తాళం తిప్పొద్దు. నిద్రమత్తు వదిలేదాకా ఓ పది నిమిషాలు బండి చుట్టూ తిరగండి, టైర్లు తట్టి చూసుకోండి. ఇంతచేసినా దీంతో ఒకటి రెండు గంటలే గడుస్తాయి. కెఫీన్ బాకీ తీర్చదు, వసూలుకొచ్చినవాణ్ని కాసేపు గుమ్మం దగ్గర ఆపుతుంది.

ఎప్పుడు ఆపాలి అంటారా? ఆవలింతలు అందరికీ తెలుసు. అంతకంటే నమ్మకమైనది ఒకటి చెబుతాను. కిందటి టోల్‌గేటు దాటిన సంగతి గుర్తుందా అని మిమ్మల్ని మీరు అడగండి. గుర్తు రాలేదంటే అప్పటికే మాగన్నుగా నడుపుతున్నారన్నమాట. ఈ నాలుగు వరసల రోడ్లు వచ్చాక ఇది ఎక్కువైంది. పాత రోడ్డు మీద గతుకో, ఎద్దుబండో, మలుపో మనిషిని కుదుపుతూ ఉండేది. ఇప్పుడు మైళ్లకొద్దీ ఒకే గీత. ఇంకో మాట. జలుబుకు వేసుకునే మాత్రల్లో చాలావాటికి మత్తుంటుంది. మందుల షాపులో "నేను డ్రైవరును" అని ముందే చెప్పండి.

ఇప్పుడు యజమానులతో మాట్లాడతాను. కోపం తెచ్చుకోకండి. నాకు తెలిసి మీలో సగం మంది ఒకప్పుడు స్టీరింగు పట్టినవాళ్లే.

మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లో వచ్చింది, 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ అమల్లోకి వచ్చాక రద్దయింది. అందులో రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది అని ఉండేది. దూరపు రూట్లకు అనుమతి తీసుకుంటే రోజుకు పది. ఐదు గంటలు నడిపితే కనీసం అరగంట విరామం. ఐదుగురు పనివాళ్లుంటేనే ఆ చట్టం కదా, మాకున్నది ఒకటే లారీ అని కొందరనేవాళ్లు. 1988 మోటారు వాహనాల చట్టంలో 91వ సెక్షను చూడండి. రవాణా వాహనం నడిపే ఎవరికైనా ఆ గంటలే అని ఉంది. ఇప్పుడు లెక్క వేద్దాం. కైకలూరు, ఆకివీడు, భీమవరం నుంచి హౌరాకు చేపలు పోతాయి. పదకొండు, పన్నెండు వందల కిలోమీటర్లు. టోళ్లు, ఊళ్లు, తనిఖీలు కలుపుకుని గంటకు సగటున 45 అనుకుంటే, ఎనిమిది గంటలకు 360. ఒక్క డ్రైవరు చట్టం ప్రకారం నడిపితే మూడు రోజులు దాటుతుంది. మనం అతన్ని ఎంతలో చేరమంటున్నాం? నేను చెప్పను, మీకే తెలుసు. ఐసు మూడు రోజులు ఆగదు, నిజమే. ఐసు ఆగనప్పుడు బండిలో ఇద్దరు డ్రైవర్లుండాలి. ఒకప్పుడు ఉండేవాళ్లు. డ్రైవరు, సెకండ్ డ్రైవరు, క్లీనరు ముగ్గురుండే కేబిన్‌లో ఇప్పుడు ఒక్కడే కనిపిస్తున్నాడు. కిరాయిలు గిట్టడం లేదని మీరంటారు. డీజిలు ధర నాకూ తెలుసు. కానీ రెండో డ్రైవరుకు ఇవ్వకుండా మిగిలిన ఆ బత్తా ఆ ఒక్కడి నిద్రలోంచి తీసిందే.

యూరపులో బరువు లారీ నాలుగున్నర గంటలు నడిస్తే 45 నిమిషాలు ఆగి తీరాలి. బండిలోనే ఉన్న యంత్రం అదంతా రాసిపెడుతుంది, దారిలో అధికారి అడిగితే చూపించాలి. మన దగ్గర అంత యంత్రం లేకపోయినా, మీలో చాలామంది బళ్లకు జీపీఎస్ ఉంది. బండి ఎక్కడుందో చూడటానికి రోజుకు ఇరవైసార్లు తెరుస్తారు. ఎంతసేపుగా ఆగకుండా నడుస్తోందో కూడా అదే తెర మీద ఉంటుంది. ఐదు గంటలు దాటిందంటే ఆపమని ముందే మాట చేసుకోండి. నడుస్తున్న బండికి ఫోను చేయకండి. బండి ఆగి ఉండటం చూసి చేయండి. ఆగి ఉన్న బండిని చూసి "ఎందుకాపావ్?" అని అరిచే అలవాటు ఒక్కటి మానితే ఈ హాల్లో ఉన్న డ్రైవర్లలో చాలామంది ఈ రాత్రి నుంచే ఆపగలుగుతారు. వాళ్ల ముఖాలు చూడండి, నేను అబద్ధం చెప్పడం లేదు.

ఆపడానికి చోటేదీ అన్నది న్యాయమైన ప్రశ్న. రోడ్డు అంచున ఆపితే ఏమవుతుందో మొదట్లోనే చెప్పాను. పెట్రోలు బంకు ఆవరణ, డాబా, టోల్‌గేటు దాటాక లారీలు ఆపుకోవడానికి ఉండే ట్రక్ లేబై... ఏ ట్రిప్పుకు ఏది అని బయల్దేరే ముందే డ్రైవరు, యజమాని కలిసి అనుకోవాలి. బండి వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు దుమ్ముకొట్టుకుపోయి ఉంటే గుడ్డతో తుడవడానికి రెండు నిమిషాలు. గుండ్రాళ్లు, చెట్టుకొమ్మలు పెట్టడం మానేసి, మడతపెట్టే త్రికోణం బోర్డు వాడండి. బండి కదిలాక ఆ రాళ్లు రోడ్డు మీదే ఉండిపోయి తర్వాత వచ్చే స్కూటరువాణ్ని పడేస్తున్నాయి.

చివరిగా, వెనక వరసల్లో కూర్చున్న అక్కాచెల్లెళ్లకు. రాత్రి డ్రైవరు ప్రమాదం పగలు ఇంట్లోనే మొదలవుతుంది. మే నెలలో బెజవాడ ఎండకు రేకుల ఇంట్లో మిట్టమధ్యాహ్నం ఎవరికి నిద్ర పడుతుంది? 2025 నుంచి కొత్తగా తయారయ్యే పెద్ద లారీల కేబిన్‌కు ఏసీ ఉండాలని నిబంధన వచ్చింది. మంచిదే. పాత బళ్లు మాత్రం ఇంకా చాలా ఏళ్లు తిరుగుతాయి. మీ ఆయన రాత్రి బండెక్కాలంటే ఆ పగలు కిటికీకి దుప్పటి కట్టండి, ఫోను మీ దగ్గర పెట్టుకోండి, చుట్టాలొస్తే లేపకండి. పగలు పడుకోవడం బద్ధకం కాదమ్మా, డ్యూటీ.

ఇంకొకటి మీకు మాత్రమే తెలిసే విషయం. మీ ఆయన గురక పెడతాడా? గురక పెడుతూ పెడుతూ ఒక్కసారి ఆగిపోయి, ఊపిరి ఆడనట్టు ఉలిక్కిపడి, మళ్లీ మొదలుపెడతాడా? అది స్లీప్ అప్నియా అనే జబ్బు. గొంతు మూసుకుపోయి రాత్రంతా పదేపదే మెలకువ వస్తుంది, అతనికి తెలియదు. ఎనిమిది గంటలు పడుకున్నా పొద్దున లేచేసరికి తలనొప్పి, పగలంతా జోగడం. ఇలాంటి మనిషి ఎంత జాగ్రత్తపరుడైనా స్టీరింగు దగ్గర తూలుతాడు. దీనికి వైద్యం ఉంది, రాత్రిపూట ముక్కుకు గాలి పెట్టే యంత్రం ఉంది, బరువు తగ్గితే చాలామందికి నెమ్మదిస్తుంది. లైసెన్సు పోతుందేమోనన్న భయంతో దాచకండి.

హాలు బయట వేపచెట్టు కింద రెండు బల్లలు వేశారు. మొదటిది కంటి పరీక్షకు, రెండోది గురకకు. అక్కడ డాక్టరమ్మ మెడ చుట్టుకొలత కొలుస్తారు, ఎనిమిది ప్రశ్నలు అడుగుతారు, అంతే. సూది లేదు. ఒంటిగంట దాకా ఉంటారు. గురక ప్రశ్నలకు డ్రైవర్లు చెప్పే జవాబు పనికిరాదు కాబట్టి దయచేసి ఆడవాళ్లు కూడా పక్కన నిలబడండి. రాత్రి నడిపి పొద్దున్నే నేరుగా సభకు వచ్చినవాళ్లు నలుగురైదుగురు ఉన్నారని విన్నాను. మీరు వరసలో నిలబడొద్దు. స్టేజీ వెనక గదిలో చాపలు వేయించాం, ఫ్యాను తిరుగుతోంది. ముందు వెళ్లి పడుకోండి.